పండుగప్ప వేట: గుంటూరు–ప్రకాశం తీరం

పండుగప్ప నదులు సముద్రంలో కలిసే చోట్ల, ఉప్పుటేర్లలో, మడ అడవుల నడుమ పారే కాలువల్లో, తీరానికి దగ్గరగా లోతు తక్కువ ఉన్న సముద్రంలో తిరిగే పెద్ద చేప. ఇది ఇతర చేపలనూ రొయ్యలనూ వేటాడి బతుకుతుంది. దీని శాస్త్రీయ నామం లేటెస్ కాల్కరిఫర్. గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఈ చేపను, దానితోపాటు అదే నీటిలో దొరికే మాగను, ఒడ్డున నిలబడి విసిరే గాలంతోను, పడవ మీద నుంచి వదిలే చేతిగాలంతోను, నీటిలో నిలిపి ఉంచే వలలతోను పట్టే పద్ధతులు, ఆ వేట ఆధారపడిన నీటి పరిస్థితులు ఈ వ్యాసానికి విషయం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల, చీరాల, వేటపాలెం, చినగంజాం ప్రాంతాలు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి; రామాయపట్నం నెల్లూరు జిల్లాలో చేరింది; గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. అయినా పత్తికీ మిరపకూ పేరుపడిన మెట్ట మైదానానికీ ఈ తీరానికీ ఉన్న సంబంధం పరిపాలనా హద్దులతో తెగేది కాదు కాబట్టి, ఇక్కడ పాత జిల్లాల హద్దులనే పాటించడం జరిగింది.

యూరప్ వాయవ్య తీరాల్లో గాలపు వేటగాళ్లు పోలక్ అనే చేపకు ఇచ్చే స్థానాన్ని ఈ తీరంలో పండుగప్ప ఆక్రమిస్తుందని చెప్పవచ్చు. కాడ్ కుటుంబానికి చెందిన పోలక్ చల్లని నీటి చేప. నార్వే నుంచి బిస్కే అఖాతం దాకా రాతి గుట్టల అంచుల్లో, దట్టంగా పెరిగిన సముద్రపు నాచులో, మునిగిపోయిన ఓడల శిథిలాల మీద పొంచి ఉండి, పక్కనుంచి పోయే చిన్న చేపల మీదికి ఒక్కసారిగా లేస్తుంది. బంగాళాఖాతంలో ఆ చేప లేదు, గుంటూరు–ప్రకాశం తీరంలో ఆ రాతి గుట్టలూ లేవు. రేపల్లె నుంచి రామాయపట్నం వరకు ఉన్నది ఇసుక, బురద. పొంచి వేటాడే చేపకు దాగడానికి చాటు కావాలి గనుక, రాయి లేని ఈ తీరంలో ఆ చాటును మడచెట్ల వేళ్లు, ఇసుక మేటల అంచులు, మొగల దగ్గర రంగు మారే నీరు సమకూరుస్తాయి. నది గాని ఉప్పుటేరు గాని సముద్రంలో కలిసే ముఖాన్ని ఇక్కడివారు మొగ అంటారు. ఈ తీరంలో వేట నేర్పు అంటే మొగను చదవడమే. తక్కిన పరికరాలూ పద్ధతులూ ఆ నేర్పును అనుసరించి వచ్చినవి.

తీర స్వరూపం

తీరపు ఉత్తర భాగం కృష్ణానది డెల్టాకు చెందినది. నదికి పడమటి పక్కన లంకెవానిదిబ్బ, అడవులదీవి, నిజాంపట్నం ప్రాంతాలలో మడ అడవులూ, వాటి మధ్య మెలికలు తిరిగే ఉప్పుటేర్లూ, పోటు వచ్చినప్పుడు మాత్రమే మునిగే పర్ర భూములూ ఉన్నాయి. ఈ అడవుల్లో కొంత భాగం 1989లో ఏర్పాటైన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తుంది. నిజాంపట్నం పాత పేరు పెద్దపల్లి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి వచ్చి వ్యాపార స్థానం ఏర్పరచుకున్న పెటపోలి ఇదే. సూర్యలంక నుంచి దక్షిణంగా వాడరేవు, రామాపురం, చినగంజాం, కొత్తపట్నం, పాకల మీదుగా సాగే తీరం ఇసుక తీరం. వెనుక సరుగుడు తోటలు, వాటి వెనుక కొంత మేర బకింగ్‌హాం కాలువ, ఉప్పు మడులు, ఆ పైన నల్లరేగడి నేలలు. చినగంజాం పక్కనున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ ఇస్తూ వేయించిన 13వ శతాబ్దపు అభయశాసనం ఉంది. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకుని, సరుకును చిన్న పడవల మీద కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చుకోవలసిన రేవులు ఇవన్నీ. సహజమైన ఓడరేవు లేని ఈ లక్షణమే పడవల ఆకారాన్నీ, వేట తీరునూ ఈనాటికీ నిర్ణయిస్తున్నది.

ఈ తీరంలోకి మంచినీరు తెచ్చేవాటిలో కృష్ణ తరువాత చెప్పుకోవలసినది నల్లమలలో పుట్టి కంభం చెరువు మీదుగా, అద్దంకి పక్కగా వచ్చే గుండ్లకమ్మ. ముసి, పాలేరు, మన్నేరు చిన్న నదులు. ఏడాదిలో చాలా నెలలు వాటి మొగలు ఇసుకతో మూసుకుపోతాయి. వీటికి తోడు నల్లమడ, రొంపేరు వంటి మురుగు కాలువలు పొలాల మీద పడిన వాననూ, సాగుకు పెట్టగా మిగిలిన నీటినీ సముద్రానికి చేరుస్తాయి. మురుగు కాలువ అనే మాట పట్టణవాసికి అసహ్యంగా వినిపించవచ్చు గాని, గాలం వేసేవాడికి అది కూడా మొగే. తొలకరి తరువాత ఆ నీటి ముఖాన చేప చేరుతుంది.

చేప లక్షణాలు

పండుగప్ప ఒళ్లు పొడవుగా, పక్కలకు కొంత నొక్కినట్లుగా ఉంటుంది. నుదుటి గీత కన్ను పైభాగాన లోపలికి వంగి, అక్కడి నుంచి వీపు ఎత్తుగా లేస్తుంది. కింది దవడ పై దవడను మించి ముందుకు వస్తుంది. తోక చివర గుండ్రంగా ఉంటుంది. వీపు ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, పక్కలు వెండి రంగు; బురద నీటిలో పెరిగినది నల్లగా, సముద్రంలో పట్టినది తెల్లగా కనబడుతుంది. రాత్రి దీపపు వెలుగు పడితే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. నోటిలో కోరలు లేవు; పళ్లు ముట్టుకుంటే గరుకు గుడ్డలా తగులుతాయి. అయితే మొప్పలను కప్పే రేకు అంచు పదునైన ముళ్లతో కత్తిలా ఉంటుంది. గాలానికి పడిన చేప తల విదిలించినప్పుడు దారం ఆ అంచుకు ఒరుసుకుంటే తెగిపోతుంది కాబట్టి, గాలానికి ముందు బారెడు పొడవున లావుపాటి దారాన్ని కట్టడం ఈ వేటలో తప్పనిసరి. చేతితో పట్టుకునేటప్పుడు మొప్పలో వేళ్లు దూర్చడం ప్రమాదకరం.

ఇది పర్షియన్ సింధుశాఖ నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉష్ణమండల తీరాలన్నిటా ఉంది. ఆస్ట్రేలియాలో బారాముండి అని ప్రసిద్ధి. గరిష్ఠంగా 60 కిలోల దాకా పెరుగుతుందని గ్రంథాలు చెబుతాయి, కాని గాలానికి మామూలుగా పడేవి అందులో చిన్న భాగమే. ఈ చేప జీవితం రెండు రకాల నీళ్ల మధ్య నడుస్తుంది. గుడ్లు పెట్టడానికి ఉప్పదనం ఎక్కువగా ఉన్న మొగల దగ్గరికి, తీర సముద్రంలోకి వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ దగ్గరి రోజుల్లో, పోటు నీరు లోపలికి వచ్చే వేళ గుడ్లు వదులుతుంది. అలా వదలడం వల్ల తేలియాడే గుడ్లూ, ఒక రోజు గడవకముందే వాటి నుంచి వచ్చే పిల్లలూ నీటితోపాటు ఉప్పుటేర్లలోకి కొట్టుకుపోతాయి. ఒక పెద్ద ఆడచేప లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. పిల్లలు మడచెట్ల వేళ్ల మధ్య, వాననీరు నిలిచిన పర్రల్లో పెరిగి, వీలున్న చోట కాలువల వెంట మంచినీటిలోకి కూడా ఎగబాకి, ప్రాయానికి వచ్చాక తిరిగి ఉప్పునీటికి దిగివస్తాయి.

ఈ జాతిలో ప్రతి చేపా సాధారణంగా మొదట మగచేపగానే ప్రాయానికి వస్తుంది. మూడు నాలుగేళ్ల వయసులో మగగా గుడ్లను ఫలవంతం చేసి, ఆ తరువాత ఇంకా పెరిగి ఆరేడేళ్లు దాటాక ఆడచేపగా మారుతుంది. అందుచేత ఒక తీరంలో పట్టే పండుగప్పల్లో అతి పెద్దవన్నీ దాదాపు ఆడవే. పెద్ద చేప దొరికిందంటే వేటగాడికి గొప్ప. కాని చిన్నవాటిని వదిలేసి పెద్దవాటినే పడితే చాలు, జాతికి నష్టం ఉండదని ఇతర చేపల విషయంలో చెప్పే మామూలు సూత్రం దీనికి వర్తించదు. చిన్నవి పోతే మగవీ, పెద్దవి పోతే ఆడవీ కరువవుతాయి. పండుగప్ప వేటకు హద్దులు నిర్ణయించేటప్పుడు అడుగునా పైనా రెండు కొలతలు ఉండాలన్న వాదానికి ఆధారం ఇదే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఇటువంటి రెండు కొలతల నియమాన్ని అమలు చేస్తున్నది.

మాగ పండుగప్పకు బంధువు కాదు గాని అదే మొగల దగ్గర, అదే ఎరకు పడుతుంది. రొమ్ము రెక్క కింద విడివిడిగా వేలాడే నాలుగు దారాల వంటి తంతువులు దీని గుర్తు. బురద నీటిలో కళ్లతో పనిలేకుండా వాటితోనే నేలను తడిమి రొయ్యలను కనిపెడుతుంది. ఇది కూడా మగగా మొదలై ఆడగా మారే జాతే. ఇంకా గాలానికి తగిలేవాటిలో గొరకలు, జెల్లలు, పారలు ముఖ్యమైనవి. లోతు నీటిలో వంజరం, సూర వంటివి పడవ వేటకు సంబంధించినవి.

ఒడ్డు నుంచి వేట

ఒడ్డు నుంచి గాలం వేసే చోట్లు రెండు రకాలు. మొదటిది మొగ. పాటు మొదలై ఉప్పుటేటి నీరు సముద్రంలోకి జారేటప్పుడు, దానితోపాటు రొయ్యలూ చిన్న చేపలూ కిందికి కొట్టుకువస్తాయి. పండుగప్ప మొగ పక్కనున్న ఇసుక మేట అంచున, నీటి ఒరవడి తగలని నీడలో నిలిచి వాటికోసం కాచుకుంటుంది. పోటు, పాటు మారే గంట, అది ఉదయమో సాయంత్రమో మసక వెలుతురులో పడితే ఇంకా మంచిదని వేటగాళ్ల నమ్మకం. ఈ తీరంలో పోటుపాట్ల తేడా పున్నమి, అమావాస్య రోజుల్లో కూడా సుమారు ఒక మీటరే. గుజరాత్‌లోని ఖంబాత్ తీరంతో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఇరుకైన మొగలో ఆ ఒక మీటరు నీరే గట్టి ఒరవడిని పుట్టిస్తుంది. రెండో చోటు బారు ఇసుక తీరం. కెరటం మొదటిసారి విరిగే ఇసుక మేటకూ ఒడ్డుకూ మధ్య తీరం పొడవునా గుంత ఉంటుంది. అక్కడక్కడ ఆ మేట తెగి, నీరు వెనక్కి సముద్రంలోకి పోయే దారి ఏర్పడుతుంది. కెరటాల తెల్లని నురగ మధ్య నురగ లేకుండా నల్లగా కనిపించే నీరే ఆ దారి. చేప అందులో వస్తుంది. స్నానానికి దిగినవారిని లోపలికి లాక్కుపోయేదీ అదే నీరు కనుక, సూర్యలంక, వాడరేవు వంటి రద్దీ తీరాల్లో గాలం వేసేవాడికి మంచి చోటు ఈతగాడికి చెడ్డచోటు అవుతుంది.

పాత పద్ధతిలో పరికరం అతి సరళమైనది. చిన్న చెక్కకు చుట్టిన నైలాను దారం, చివర సీసపు గుండు, దానికి పైన పక్కకు తీసి కట్టిన గాలం. మొలలోతు నీటిలోకి దిగి, దారపు చివరను తల మీదుగా గిరగిర తిప్పి విడిచిపెడితే గుండు దారాన్ని తీసుకుని ముందుకు పోతుంది. తరువాత దారాన్ని వేలి మీద ఆనించి, చేప కొట్టే దెబ్బను వేలితోనే తెలుసుకోవాలి. జెల్ల ఎరను కొరికి లాగుతుంది. గొరక రెండు మూడుసార్లు తట్టి పట్టుకుంటుంది. పండుగప్ప నోరు తెరిచి నీటితోపాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి తట్టడం ఉండదు, ఒక్క గుంజు ఉంటుంది. గుంజిన వెంటనే చేప నీటి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణంలో దారం సడలితే గాలం ఊడుతుంది, మరీ బిగిస్తే మొప్ప రేకుకు తెగుతుంది.

ఎర విషయంలో ఈ చేప పట్టుదల గలది. చచ్చిన ఎరకు జెల్లా పీతా ముందుగా వస్తాయి, పండుగప్పకు కదిలే ఎర కావాలి. బతికిన రొయ్యను తోక దగ్గర, ఉప్పుటేటి చిన్న చేపను వీపు రెక్క ముందర గాలానికి గుచ్చి, ప్రాణం పోకుండా ఈదనిస్తారు. ఆ ఎరను సంపాదించే సాధనం విసురు వల. అంచు చుట్టూ సీసపు గుళ్లు కట్టిన ఈ గుండ్రని వలను మోచేతి మీదా భుజం మీదా మడిచి వేసుకుని విసిరితే గొడుగులా విచ్చుకుని నీటి మీద పడి, గుళ్ల బరువుతో మూసుకుంటూ అడుగుకు దిగుతుంది. ఇటీవలి కాలంలో పట్టణాల నుంచి సరదాకు వచ్చే వేటగాళ్లు రీలు బిగించిన గాలపు కర్రలూ, చిన్న చేప ఆకారంలో చేసిన ప్లాస్టిక్ ఎరలూ వాడుతున్నారు. వాటితో దూరం ఎక్కువ విసరవచ్చు, చేపను బతికుండగానే తిరిగి వదలవచ్చు. అయితే బురద నీటిలో, వాసన గల ప్రాణమున్న రొయ్యకు ఉన్న ఆకర్షణ ప్లాస్టిక్‌కు రాదు.

ఒడ్డు వేటలో గాలం కన్న పాత, పెద్ద పద్ధతి అలివి వల. ఒక కొస తాడును ఒడ్డున ఉంచి, పడవ మీద వలను సముద్రంలోకి తీసుకుపోయి, అర్ధచంద్రాకారంలో తిప్పి రెండో కొసను మరోచోట ఒడ్డుకు చేరుస్తారు. ఆ తరువాత రెండు వరుసలుగా జనం నిలబడి తాళ్లను లాగుతారు. దీనిలో ప్రధానంగా పడేవి నెత్తళ్లు, కవళ్లు, కారలు, సావళ్లు వంటి గుంపు చేపలు; వాటి వెంటబడి వచ్చిన పండుగప్ప ఒకటి రెండు పడితే అది అదృష్టం. నైలాను రాకముందు ఈ వలలను పత్తి నూలుతోనూ జనుము నారతోనూ అల్లి, చెట్ల బెరడు ఉడికించిన రసంలో నానబెట్టి, ఉప్పునీటికి కుళ్లకుండా గట్టిపరచేవారు. పత్తీ జనుమూ రెండూ పడమటి పొలాల్లో పండేవే. ఆ విధంగా మెట్ట పైరు సముద్రంలోకి దిగిన కాలం ఒకటి ఉంది.

ఉప్పుటేర్లలో యానాదుల వేట వేరు. వీరు వలకన్నా చేతినీ, తడికెలనూ ఎక్కువగా నమ్ముకుని, పాటు నీరు తీసిన బురదలో పీతల బొరియలు చూసి పీతలను, కాలువకు అడ్డు కట్టి చేపలను పట్టడంలో ప్రసిద్ధులు. ఏ కాలువలో ఏ నెలలో పండుగప్ప పిల్లలు తిరుగుతాయో వీరికి తెలిసినంతగా మరెవరికీ తెలియదనడం అతిశయోక్తి కాదు. ఆ జ్ఞానం పుస్తకాలకు ఎక్కవలసినంతగా ఎక్కలేదు.

పడవ మీద వేట

సముద్రపు వేట ఇక్కడ ప్రధానంగా పట్టపు, వాడబలిజ, అగ్నికులక్షత్రియ, పల్లె కులాల వృత్తి. తీరం వెంట ఉన్న వీరి ఊళ్లలో చాలావాటి పేర్ల చివర పాలెం అని ఉంటుంది. ఊరి పెద్దలు చేసే కట్టుబాటు ప్రకారం ఏ వల ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేటకు పోరాదో నిర్ణయమవుతుంది. గంగమ్మ కొలుపు రోజుల్లో పడవ దిగదు.

తేలికైన దుంగలను చెక్కి తాళ్లతో కట్టిన తెప్ప ఈ తీరానికి పుట్టిన పడవ. దుంగల సందుల్లోంచి నీరు వచ్చిపోతుంది గనుక అది మునిగేది కాదు. కెరటం మీద పడ్డా బోర్లపడి తిరిగి తేలుతుంది. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి ఆరబెట్టుకోవచ్చు. రేవు లేని చోట ఇంతకన్న తగిన సాధనం ఊహించడం కష్టం. తెప్పల తరువాత పలకలతో చేసిన నావలు, వాటి తరువాత ఫైబర్ బోట్లు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం కెరటాలు దాటి నేరుగా ఇసుక మీదికి ఎక్కగల ఇంజన్ పడవల నమూనాలపై చాలా ప్రయోగాలు చేసింది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీలో తెప్పలూ వలలూ పోగొట్టుకున్న ఊళ్లకు సహాయంగా ఫైబర్ బోట్లు విరివిగా అందడంతో తెప్ప వెనకబడింది. నిజాంపట్నంలో మాత్రం మొగ గుండా లోపలికి వచ్చే హార్బరు ఉన్నందున పెద్ద మరపడవలు కూడా ఉన్నాయి. ఆ హార్బరు విస్తరణకు 2020 నవంబర్ 21న శంకుస్థాపన జరిగింది. మొగలో ఇసుక మేట వేసినప్పుడు పోటు కోసం పడవలు బయట కాచుకోవలసి రావడం అక్కడి పాత సమస్య.

పండుగప్ప కోసం పడవ దూరం పోనక్కరలేదు. మొగ బయట, ఉప్పుటేటి బురద నీరు సముద్రపు పచ్చని నీటితో కలిసే గీత పైనుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీతకు ఎగువన లంగరు వేసి, ఎరను ఒరవడిలో వదిలి గీతదాకా పోనిస్తారు. మరో పద్ధతిలో పొడవైన తాడుకు బారెడు దూరానికి ఒకటి చొప్పున గాలాలు కట్టి, రెండు చివరలా బెండ్లు తేల్చి సాయంత్రం వదిలి తెల్లవారుజామున తీస్తారు. ఎక్కువ చేప మాత్రం గాలానికి కాక నిలువు వలకే పడుతుంది. పైన బెండ్లు, కింద గుళ్లు కట్టి నీటిలో గోడలా నిలిపిన ఈ వలలో చేప తల దూర్చి, మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. వల కన్ను వెడల్పును బట్టి పడే చేప పరిమాణం ఉంటుంది కనుక, పెద్ద కన్ను వల పిల్లచేపలను విడిచిపెట్టే మంచి సాధనం. సన్నకన్ను వలలు, అడుగును ఊడ్చే ట్రాలు వలలు అలా కాదు.

చోటును గుర్తుపెట్టుకోవడానికి పాతకాలపు వేటగాళ్లు ఒడ్డున కనిపించే రెండు గుర్తులను ఒక వరుసలోకి తెచ్చుకునేవారు: వాడరేవు దీపస్తంభమూ దాని వెనుక తాటితోపూ, గుడిగోపురమూ దాని పక్కన సరుగుడు తోట కొసా. ఇప్పుడు జీపీఎస్ ఆ పని చేస్తున్నది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ బట్టి చేపలు చేరే ప్రాంతాలను సూచిస్తున్నది. ఆ సూచన సూర, కానాగంతల వంటి లోతు నీటి చేపల వేటకు ఎంతో ఉపయోగం. మొగ దగ్గరి బురద నీటిలో ఉండే పండుగప్పకు ఆ సూచన పెద్దగా పనికిరాదు.

రుతువులు, ప్రమాదాలు, నిబంధనలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషిద్ధం. 2015కు ముందు ఇది 47 రోజులే. ఇంజన్ లేని తెప్పలకూ ఒడ్డు వేటకూ నిషేధం వర్తించదు. నిషేధకాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెంచింది. నిషేధం ముగిసేసరికి నైరుతి వానలు మొదలై, మురుగు కాలువల్లో కొత్తనీరు దిగుతుంది. అక్కడినుంచి ఈశాన్య వానలు ముగిసే దాకా మొగలు తెరుచుకుని ఉండే కాలమే పండుగప్ప వేటకు ముఖ్యమైనది. తుపానుల కాలమూ అదే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుపాను చీరాల సమీపంలోనే తీరం దాటింది. 2010 మేలో లైలా, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటాయి.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలి సముద్రం సంప్రదాయ వేటగాళ్లకు కేటాయించి ఉంది. ఆచరణలో ఆ గీత తరచూ చెదిరిపోతున్నది. కడలూరు వైపునుంచి వచ్చే, ఇక్కడివారు సోనా బోట్లు అని పిలిచే శక్తిమంతమైన తమిళనాడు పడవలతో ప్రకాశం, నెల్లూరు మత్స్యకారులకు ఏళ్ల తరబడి తగవులున్నాయి. సొంత ఊళ్ల మధ్య కూడా వల రకాల విషయంలో వివాదాలు వచ్చాయి. 2020 చివర చీరాల దగ్గర రెండు ఊళ్ల మధ్య అటువంటి ఘర్షణ జరిగింది. ఈ తగవుల మూలం చేప ఒడ్డుకు చేరకముందే లోపల తుడిచిపెట్టుకుపోతున్నదన్న భయం. ఒడ్డున గాలం వేసేవాడు ఆ భయానికి చివరి బాధితుడు, వాడికి వెనక్కి పోవడానికి మరో సముద్రం లేదు.

పొలం నీరు, మొగ నీరు

పండుగప్ప సంఖ్యను నిర్ణయించేది వేట ఒక్కటే కాదు. మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య బతికే చేప కాబట్టి, పడమటి మైదానంలో నీటికి జరిగిన ప్రతి మార్పూ దాని మీద పడుతుంది. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి, ఆ పైన 1967 నుంచి నాగార్జునసాగర్ వచ్చాయి. గుండ్లకమ్మ మీద మల్లవరం జలాశయం 2008లో పూర్తయింది. సాగర్ కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశం నేలలకు కొత్త జీవం ఇచ్చిందన్నది నిజం. ఆ నీరు మొగకు చేరవలసిన వరదలో నుంచి వచ్చిందన్నదీ నిజం. వరద తగ్గిన ఏడు మొగలో ఇసుకను తోసే శక్తి ఉండదు. మొగ పూడితే గుడ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఉప్పుటేటిలోకి దారి ఉండదు.

నీటి పరిమాణంతోపాటు నీటి గుణం కూడా మారింది. 1980లలో పత్తి సాగు విస్తరించినప్పుడు కాయతొలుచు పురుగును అణచడానికి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను మళ్లీ మళ్లీ చల్లారు. 1987–88లో పంట పోయి, అప్పులు తీర్చలేక ప్రకాశం, గుంటూరు ప్రాంతాల పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న విషాదం దేశమంతా తెలిసినదే. ఆ మందులు పక్షులకూ జంతువులకూ అంతగా హాని చేయకపోయినా చేపలకూ రొయ్యలకూ అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. మిరప తోటల్లోనూ మందుల వాడకం చాలా ఎక్కువ. పొలం మీద చల్లినది వానకు కడుగుకుని చేరేది నల్లమడకో రొంపేరుకో, అక్కడినుంచి తొలకరికి పండుగప్ప చేరే మొగకే. రైతు నష్టాన్ని లెక్కించిన సంఘాలు, నివేదికలు ఎన్నో వచ్చాయి; అదే నీటి చివర ఉన్న మత్స్యకారుడి నష్టాన్ని అదే శ్రద్ధతో లెక్కించవలసిన అవసరం ఉంది.

1990ల తొలినాళ్లలో రొయ్యల చెరువులు ఉప్పుటేర్ల వెంట పర్ర భూములను ఆక్రమించాయి, చాలా చోట్ల మడచెట్లు పోయాయి. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి ఈ చెరువులను దెబ్బతీసింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. కృష్ణ, గోదావరి మొగలలో ఎండిన పర్రలకు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు పారేలా చేసి, మడమొక్కలు నాటే పని ఊరివారి భాగస్వామ్యంతో కొన్ని చోట్ల ఫలించింది. వేళ్ల మధ్య నీడ తిరిగి ఏర్పడిన కాలువలో పిల్లచేప నిలుస్తుంది.

పెంపకం, అమ్మకం

రొయ్యల రైతుకు పండుగప్ప మొదట శత్రువు. చెరువులోకి తోడిన నీటితో వచ్చిన ఒకటి రెండు పిల్లలు రొయ్యలను తింటూ పెరిగి పంటను తగ్గిస్తాయి. అదే చేపను ఇప్పుడు పంటగా పెంచుతున్నారు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ 1997లో దేశంలో తొలిసారిగా దీనిని నిర్బంధంలో గుడ్లు పెట్టించి పిల్లలను తీయగలిగింది. కృష్ణా డెల్టాలో నాగాయలంక పరిసరాలు ఈ సాగుకు కేంద్రమయ్యాయి. పిల్లలు ఒకదాన్నొకటి తింటాయి కనుక, కొన్ని రోజులకొకసారి పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుండాలి. తనకన్న మూడోవంతు చిన్నదైన తోటి పిల్లను అది మింగగలదు. చెరువు చేప వచ్చాక సముద్రపు చేప మీద ఒత్తిడి తగ్గుతుందని ఆశించినవారున్నారు, కాని మొగ దగ్గర పట్టిన చేపకు రుచిలో ప్రత్యేకత ఉందని నమ్మే కొనుగోలుదారులు దానికి ఎక్కువే ఇస్తారు.

ఒడ్డున వేలం పాటలో పలికే ధరకూ మత్స్యకారుడి చేతికి వచ్చే ధరకూ తేడా ఉంటుంది. ఇంజనుకో వలకో అప్పు ఇచ్చిన వ్యాపారికే చేప అమ్మాలన్న ఒప్పందం ఉన్నప్పుడు ధర వాడు చెప్పినదే. మంచి పండుగప్ప మంచులో పెట్టుకుని విజయవాడకో హైదరాబాదుకో చెన్నైకో పోతుంది. పడమటి మెట్ట ఊళ్ల సంతలకు చేరేవి ఎండిన నెత్తళ్లు, సావళ్లు, రొయ్యపొట్టు. మిరప కోతల కాలంలో కూలీల సద్దిలో కూరగా ఉండేవి ఇవే. గాలంతో పట్టి మొగ దగ్గరే అమ్ముడైన చేప పడవలు చేప దించే కేంద్రానికి రాదు కనుక, ఆ కేంద్రాల్లో నమూనాలు తీసి చేసే సర్వేల్లో దాని జాడ తక్కువ. పోలక్ విషయంలో అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి ఇంగ్లీష్ చానల్‌కూ, ఐర్లండ్ చుట్టూ ఉన్న సముద్రానికీ 2024లో వేట పూర్తిగా ఆపమని సలహా ఇవ్వగలిగింది; ఏళ్ల తరబడి సేకరించిన లెక్కలు ఉండడమే అందుకు కారణం. గుంటూరు–ప్రకాశం తీరంలో ఆ పని మొదలుకావలసింది హార్బరు నుంచి కాదు, లంకెవానిదిబ్బ, కొత్తపట్నం వంటి చోట్ల మొగ ఒడ్డున గాలం వేసేవారి నుంచీ, ఉప్పుటేర్ల యానాదుల నుంచీ.